అక్కకు మూడు షిఫ్టులు

నాకు సెలవు రాసిచ్చింది డాక్టరు కాదు, కౌన్సెలర్. "మీరొక నాలుగు రోజులు ఈ ఇంటికి దూరంగా ఉండాలి" అని, మందుచీటీ చదివినంత మామూలుగా నావైపు చూసి చెప్పింది. అక్కడ రోగి నేను కాదు. రోగి నా పక్క కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుని నన్ను జాలిగా చూస్తున్నది.

"మంచిగ చెప్పిండ్రు మేడం," అన్నది అక్క. "వీడు ఈ మధ్య అస్సలు బాగుంటలేడు."

మా అక్కకు స్కిజోఫ్రెనియా. డిగ్రీ చదువుతుండగా మొదలైంది, ఇప్పుడు నలభై దాటాయి. ఆమెకు గొంతులు వినిపిస్తాయి. సినిమాల్లో చూపించినట్టు చంపమనో చావమనో చెప్పే గొంతులు కావు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. వాళ్లు అక్కతో మాట్లాడరు, అక్క గురించి మాట్లాడుకుంటారు. "లేచింది. నీళ్లు తాగుతున్నది. గిలాస కడిగిందా? కడగలె." రోజంతా ఇదే. క్రికెట్టుకు కామెంటరీ ఉన్నట్టు అక్క బతుక్కి కామెంటరీ. క్రికెట్టులో నయం, మధ్యలో ప్రకటనలొస్తాయి. మాత్రలు సరిగ్గా పడుతుంటే ఆ ముగ్గురూ పక్క వీధికి జరుగుతారు. మాత్రలు మానేస్తే వచ్చి మంచం మీద కూర్చుంటారు. అప్పుడు అక్క అన్నం మానేస్తుంది, నిద్ర మానేస్తుంది, చివరికి మేము దవాఖానలో చేర్పిస్తాం. చేర్పించిన ప్రతిసారీ తిరిగొచ్చే అక్క కొంచెం తక్కువగా తిరిగొస్తుంది. మా ఇంట్లో అందరికీ ఉన్న భయం ఇదొక్కటే. మిగతా భయాలకు తీరిక లేదు.

మొదట్లో మేము చూపించిన ఒక దూరపు ఊరి డాక్టరుకు అక్క "రోజూ పగటీలి మా ఇల్లు అదురుతది" అని చెప్పింది. ఆయన తలూపి రాసుకున్నాడు. పక్కనే ఓపెన్ కాస్టులో బొగ్గు కోసం బ్లాస్టింగ్ పెడతారనీ, ఆ వేళకు మా వీధిలో అన్ని ఇళ్లూ అదురుతాయనీ, గూట్లో గిన్నెలు మోగుతాయనీ మేము చెప్పాల్సింది. చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. అదరడం అనేది మనిషికి చెప్పదగ్గ విషయమని మాకు తోచలేదు. ఒక మాత్ర పెరిగింది. ఇల్లు మాత్రం యథావిధిగా అదిరింది.

మా ఇంట్లో నలుగురం. బాపు గనిలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. చేసినన్నాళ్లూ భూమి లోపల ఆ పంపు పక్కనే కూర్చున్నాడు కనుక చెవులు పంపుకే ఇచ్చి వచ్చాడు. అమ్మకు చెవులు బాగానే ఉన్నాయి, మోకాళ్లు లేవు. ఇంట్లో చెవులూ మోకాళ్లూ రెండూ పనిచేసే మనిషిని నేనొక్కణ్నే. ఆ అర్హతతో నాకు అక్క బాధ్యత దక్కింది. మాత్ర ఇవ్వడం, మింగిందా నాలుక కింద దాచిందా చూడడం, దవాఖానకు తీసుకెళ్లడం, చెప్పకుండా బయటికి పోతే బండేసుకుని వెతకడం. మిగిలిన సమయంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతాను. పెళ్లి కాలేదు. దాని గురించి బంధువులు ఎప్పటికప్పుడు సమీక్ష జరుపుతున్నారు కనుక నేను కలగజేసుకోను.

కౌన్సెలర్ దగ్గరికి పోవాలన్నది అక్కను చూసే డాక్టరు సలహా. మందు అక్కకు మాత్రమే ఇస్తున్నామనీ, ఇంటికి కూడా కొంచెం ఇవ్వాలనీ ఆయన ఉద్దేశం. ఆ అమ్మాయి వారానికోసారి కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేది. మా ఊరు ఖనిలో ఒక మెడికల్ షాపు మీది గదిలో కూర్చునేది. ఇంటిల్లిపాదీ రావాలన్నది నియమం. అమ్మ మోకాళ్లకు ఆ మెట్లెక్కడమే ఒక చికిత్స.

మొదటి రోజే ఆమె అసలు సంగతి చెప్పింది. ఇంట్లో అరుపులూ సాధింపులూ ఎక్కువైతే ఈ జబ్బు తిరగబెట్టే వీలుంది, అలాగే కంటికి రెప్పలా కాపలా కాసినా కష్టమే, కాబట్టి అందరూ మెల్లగా, నెమ్మదిగా మాట్లాడుకోవాలి అన్నది. మెల్లగా, నెమ్మదిగానే అన్నది.

"ఆఁ?" అన్నాడు బాపు.

"మెల్లగా మాట్లాడాలి అంకుల్."

"గట్టిగ చెప్పు బిడ్డా. గట్ల గొణిగితె ఎవనికి సమజైతది?"

ఆమె చదువుకున్న పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి అరిచింది. "మెల్లగా! మాట్లాడాలి!"

కింద మెడికల్ షాపు నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత చాలాసేపు అక్కడి జనం గుసగుసగానే దగ్గు మందు అడిగారట.

"గదా," అన్నాడు బాపు, ఇనుము మీద సమ్మెట పడ్డంత గొంతుతో. "మెల్లగనే మాట్లాడ్త తియ్యి!"

బాపుకు కంపెనీ దవాఖానవాళ్లిచ్చిన చెవి మిషను ఉంది. పెట్టుకుంటే అరిగిపోతుందని బీరువాలో, దస్తీలో చుట్టి పెట్టాడు. పెళ్లిళ్లకు తీస్తాడు. అక్కడ డప్పుల మోతకు చెవిపోటు వస్తుందని మళ్లీ తీసి జేబులో వేసుకుంటాడు.

ఇలా కొన్ని వారాలు నడిచాక ఒకరోజు ఆమె నావైపు తిరిగింది. మీకేం కావాలి అని అడిగింది. నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడిగి చాలాకాలమైనందువల్ల హోటల్లోలాగా "ఏమున్నయ్?" అందామనుకున్నాను. "నిద్ర" అన్నాను. ఆ తర్వాత అని అడిగింది. వరంగల్‌లో నాతో పీజీ చదివినవాళ్లు ఏటా వైజాగ్ వెళ్తారు. ఏటా నన్ను పిలుస్తారు. నేను ఏటా ఫోన్లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాను. ఆ సంగతి చెప్పి, "సముద్రం" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అప్పుడే నాలుగు రోజుల సెలవు చెప్పింది.

బాపుకు నేనే చెవి దగ్గర అనువదించాను.

"సెలవా?" అన్నాడు బాపు. "సిక్కా, సీయెల్లా?"

"ఏదైనా సరే అంకుల్. ఇతను అలిసిపోయాడు. ఇతను అలిసిపోతే చూసేవాళ్లు లేక అక్కకే నష్టం."

"నా సర్వీసుల ప్లే డే నాడు గూడ డ్యూటీ జేసిన నేను," అన్నాడు బాపు. ప్లే డే అంటే గనిలో వారపు సెలవు. పేరులోనే ఆట ఉంది. ఆ రోజు పనిచేస్తే జీతం ఎక్కువ కనుక మా ఊళ్లో ఆడినవాళ్లు తక్కువ.

"అందరూ మీలా ఉండలేరు కదా అంకుల్. ఇన్నాళ్లూ పనంతా ఒక్కడి మీదే పడింది. ఇంట్లోవాళ్లు పంచుకోవాలి."

పంచుకోవడం అన్న మాట మాత్రం ఏ మిషనూ లేకుండానే బాపు చెవికెక్కింది. ముఖం వెలిగింది. "అంటె షిఫ్టులు ఎయ్యాల్నంటవు."

ఆమెకు తర్వాతి కుటుంబం బయట ఎదురుచూస్తున్నది. "అలాంటిదే అంకుల్," అన్నది.

ఆ అమ్మాయి ఎంత చదువుకున్నా కరీంనగర్ పిల్ల. గని మీద బతికిన మనిషి దగ్గర షిఫ్టు అన్న మాటకు "అలాంటిదే" అనకూడదని ఆమెకు తెలియదు.

మర్నాటికి మా ఇల్లు గని అయింది. పొద్దుటి షిఫ్టు అమ్మది. మధ్యాహ్నం షిఫ్టు బాపుది. రాత్రి షిఫ్టు కూడా అమ్మదే, ఎలాగూ అక్క గదిలోనే పడుకుంటుంది కనుక. అమ్మ ఇదేం న్యాయమన్నది. బాపు యూనియన్‌లో తిరిగిన మనిషి, అవతలివాళ్లు న్యాయం అడిగితే ఏం చేయాలో తెలుసు. పరిశీలిస్తామన్నాడు. నేను వైజాగ్ వెళ్లేలోపు ఇది నడిపి చూడాలి, నడిస్తేనే సెలవు మంజూరు. రైలు టికెట్ అప్పటికే తీసుకున్నాను. కాబట్టి నోరు మూసుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద రూలు రిలీవర్ రూలు. గనిలో పంపు దగ్గరున్నవాడు తన తర్వాతివాడు వచ్చేదాకా కదలకూడదు. వాడు అరగంట ఆలస్యమైనా సరే. పంపు ఆగితే నీళ్లూరి గని మునుగుతుంది. బాపు తన సర్వీసులో ఒక్కనాడూ పంపును వదిలిపెట్టలేదు, దానికి మేమందరం ఆయన్ను గౌరవిస్తాం. కాకపోతే ఆ రూలును అమ్మకు పెట్టి, తను చౌరస్తాకు చాయ తాగడానికి పోయాడు. అమ్మ స్నానానికి కూడా లేవకుండా, అక్క ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నువ్వు లేచి తానం జెయ్యరాదే అమ్మా," అన్నది అక్క. "నేనేడికి పోత?"

"మీ బాపు రావాలె గద బిడ్డా."

"నేను నీకు బిడ్డనా, బాయిల మోటరునా?"

అమ్మ గేటువైపు చూసింది. రిలీవర్ లేడు.

అమ్మ మోకాళ్లు పట్టేసిన రోజున బాపు మా మేనమామను పిలిపించాడు. రామగిరి దగ్గర ఉంటాడు. ఆయన హోదా బదిలీ, అంటే గనిలో ఎవరైనా రాకపోతే వాళ్ల చోట దిగేవాడు. మామ నిజాయితీ గల మనిషి. చూసుకో అన్నారు కనుక చూశాడు. అక్కకు ఎదురుగా కుర్చీ వేసుకుని, రెప్ప వేయకుండా, భోజనం వేళ దాకా చూశాడు.

"మామా," అన్నది అక్క చివరికి. "నా మొకం మీద టీవీ నడుస్తున్నదా?"

"లేదు కోడలా."

"మరి గట్ల చూడవడ్తివి? సీరియల్ ఐపోంగనే చెప్పు, జర అటు తిరుగుత."

మామ సాయంత్రం నన్ను పక్కకు తీసుకెళ్లి, పిల్ల మంచిగనే ఉన్నదిరా, నాకే జర తల తిరుగుతున్నది అన్నాడు. బస్సెక్కి పోయాడు. మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా వరి కోతలన్నాడు. అవి ఏ వరి కోతలో ఆ కాలానికి నాకర్థం కాలేదు.

ఇవన్నీ భరించవచ్చు. షిఫ్టు మారేటప్పుడు చార్జి ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది, అది భరించడం కష్టం. గనిలో దిగిపోయేవాడు ఎక్కేవాడికి అన్నీ అప్పజెప్పాలి. నీళ్లు ఎంతున్నాయి, మోటరు వేడెక్కిందా, పట్టీ జారుతున్నదా. మా ఇంట్లో అది వాకిట్లో జరిగేది. అమ్మ గడప మీద, బాపు గేటు దగ్గర, మధ్యలో మెట్టు మీద జడ వేసుకుంటూ అక్క.

"పొద్దుగాల ఇడ్లి తిన్నది!" అనేది అమ్మ.

"ఆఁ?"

"ఇడ్లీ!"

"ఎన్ని?"

"మూడు!"

"గోళి?"

"ఏసుకున్నది!"

"నోరు తెరిపిచ్చి చూసినవా?"

"చూసిన!"

"నవ్విందా?" ఊరికే తనలో తను నవ్వుకోవడం జబ్బు ముదిరే గుర్తని బాపు ఎక్కడో విన్నాడు.

"ఒక్కసారి!"

"ఎందుకు?"

"నిన్ను జూసి!"

ఎదురింటి చిన్నమ్మ బియ్యం ఏరుతూ తలెత్తేది. "ఒక్కసారి గాదక్కా, రెండుసార్లు నవ్వింది. నేను చూసిన గద."

"రెండు సార్లట!" అని అమ్మ సరిచేసేది. మా వీధిలో అక్క ఆరోగ్యం గురించి తెలియనివాళ్లు లేకుండా పోయారు. కూరగాయల బండివాడు కూడా, అక్క ఇయ్యాల అన్నం సరిగ తినలేదట గదా అన్నా, సొరకాయ తీస్కపో, సల్వ చేస్తది అన్నాడు నాతో. నేను తీసుకున్నాను. వాదించే ఓపిక లేదు.

నిజం చెప్పాలంటే, చిరాకు పడుతూనే లోపల సంతోషపడ్డాను. అమ్మ చూస్తున్నది, బాపు చూస్తున్నాడు, వీధి చూస్తున్నది. నేను సముద్రం చూడొచ్చు.

వెళ్లాల్సిన వారంలో అక్క మెట్టు మీద కూర్చోవడం మానేసింది. ఆ మర్నాడు జడ వేసుకోలేదు. గదిలో గోడవైపు తిరిగి, రెండు చేతులతో చెవులు మూసుకుని పడుకుంది. నేను కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, ఇటు తిరగకుండానే చెప్పింది.

"వాళ్లు బయటికొచ్చిండ్రురా."

"ఎవరు?"

"ఎవరైతే నీకెందుకు. ఇంతకుముందు లోపటున్నరు. ఇప్పుడు బయట్నే తిరుగుతున్నరు. ఇంటి ముంగట్నే."

గొంతులు బయటి నుంచి వస్తున్నాయంటే ఏమిటో ఇన్నేళ్లలో నేర్చుకున్నాను. మాత్రలు లెక్క ప్రకారమే పడుతున్నాయి, అయినా ఇలా అయిందంటే మందు పనిచేయడం మానిందని అర్థం. తర్వాత జరిగేది దవాఖాన. ఆ తర్వాత తిరిగొచ్చే అక్క. అమ్మ వంటింట్లో ఏడుస్తున్నది. బాపు ఇంకా పెద్దగా, ఇంకా తరచుగా చార్జి తీసుకుంటున్నాడు. గంటకోసారి గది తలుపు దగ్గరికి వచ్చి "ఇప్పుడేం జేస్తున్నది?" అని అరుస్తున్నాడు. "పండుకున్నది!" అని అమ్మ అరుస్తున్నది. ఆ రెండు రోజులు నేను ఇద్దరి మీదా అరిచాను. మెల్లగా మాట్లాడాలన్న విషయం గురించే అరిచాను.

వైజాగ్ స్నేహితుడికి ఫోన్ చేసి ఈసారి కూడా కుదరదని చెప్పాను. వాడు "తెలుసురా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు కానీ అభ్యంతరం చెప్పడానికి ఆధారం లేదు.

నేను ఫోన్ చేస్తే కౌన్సెలర్ తన రోజు కాకపోయినా వచ్చింది. అమ్మను నేనూ బాపూ చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించాం. అక్క తనంతట తానే ఎక్కింది, చున్నీ చెవులకు చుట్టుకుని. గదిలో కూర్చున్నాక ఆ అమ్మాయి కుర్చీని అక్క దగ్గరికి జరుపుకుంది.

"వాళ్లు ఏమంటున్నారక్కా?"

అక్క పాఠం అప్పజెప్పినట్టు ఒకే స్వరంలో చెప్పింది. "ఇడ్లి మూడు తిన్నది. గోళి ఏసుకున్నది. నోరు తెరిపిచ్చి చూసిన. బయటికి పోలేదు. రెండుసార్లు నవ్వింది."

అమ్మ నావైపు చూసింది. నేను గోడమీది క్యాలెండర్ వైపు చూశాను.

"ఇవి ఎవరి గొంతులక్కా? నువ్వు ఎప్పుడూ చెప్పేవాళ్లవేనా?"

"వాళ్లయి గావు." అక్క చెయ్యెత్తి బాపును, అమ్మను, తర్వాత కిటికీని చూపించింది. "గిది బాపుది. గిది అమ్మది. గా రెండుసార్లనేటిది ఎదురింటి చిన్నమ్మది."



"లోపలోళ్లే నయం మేడం," అన్నది అక్క. "వాళ్లు మెల్లగనన్న మాట్లాడ్తరు."

కౌన్సెలర్ కిటికీ వైపు తిరిగింది. ఆమె నవ్వు ఆపుకుంటున్నదో, ఏడుపో, నేను తేల్చుకోలేకపోయాను. నాకు రెండూ రాలేదు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు అన్నం తినకుండా, మందు మార్చాలేమో, ఏ దవాఖాన, ఎన్ని వారాలు అని కొట్టుకున్నాను. ఇల్లు మొత్తం కలిసి జబ్బును ఉన్నదున్నట్టు, అదే మాటలతో, వేళ తప్పకుండా తయారుచేసి వాకిట్లో వినిపించాం. ఇన్నేళ్లు కంపెనీలు మార్చి మార్చి వాడిన మందులు పక్క వీధికి పంపిన ముగ్గురి ఖాళీలను మేము, బదిలీగా చిన్నమ్మతో సహా, నింపాం.

"ఏమన్నది?" అని అడిగాడు బాపు. "ఏమన్నదే?"

అమ్మ చెప్పలేదు. నేను చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి. ఆ మాట అరిచి చెప్పడం ఎవరివల్లా కాలేదు. చివరికి అక్కే లేచింది. చున్నీ విప్పుకుని, బాపు పక్కకు వెళ్లి, ఆయన ఎడమ చెవికి నోరు ఆనించి ఏదో చెప్పింది. మాకు వినపడనంత మెల్లగా. బాపు "ఆఁ?" అనలేదు. ఆయనకు ఎడమ చెవి పక్కనే మాట్లాడితే వినిపిస్తుందని ఆ గదిలో అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. మేము ఇన్నేళ్లూ ఎదురుగా నిలబడి అరుస్తున్నాం.

బాపు కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నా సర్వీసుల," అన్నాడు, ఆయన గొంతుకు అది గుసగుసే, "ఒక్క పంపు గూడ నాకు గిట్ల చెప్పలె."

"పంపుకు నోరుంటె ఎప్పుడో చెప్తుండె," అన్నది అక్క.

కొత్త ఒప్పందం ఆ రోజే అయింది. షరతులు అక్క చెప్పింది, కౌన్సెలర్ బాపు ఎడమవైపు కూర్చుని వినిపించింది. షిఫ్టులు రద్దు. తన గురించి తన ముందు గానీ వెనక గానీ ఎవరూ ఎవరికీ అప్పజెప్పకూడదు. ఏం కావాలన్నా తననే అడగాలి. తను చెప్తే చెప్తుంది, లేకపోతే లేదు. సాయంత్రం ఖాళీ అయిన మాత్రల అట్ట అమ్మకు చూపిస్తుంది, నోరు మాత్రం తెరవదు. లోపలివాళ్లు దగ్గరికొస్తున్నట్టు అనిపిస్తే తనే మేడంకు ఫోన్ చేస్తుంది.

"ఇంకో సంగతి," అన్నది అక్క. "వీన్ని ఆ సముద్రానికి తోలుండ్రి. వీడు ఇంట్ల ఉన్నంతసేపు నా మొకమే చూస్తడు. మింగినవా, పడుకున్నవా, ఏం ఆలోచిస్తున్నవ్. వీడు పోతె నాకు గూడ నాలుగొద్దులు సెలవు."

సెలవు నాకని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను నా త్యాగం గురించి ఒకటి రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను కూడా. వాటికి సందర్భం రాలేదు.

రామగుండంలో రైలెక్కాను. స్నేహితుడికి వస్తున్నానని చెప్తే "ఏమైంది, అంతా బాగేనా?" అని కంగారుపడ్డాడు.

రెండో రోజు సాయంత్రం ఇసుకలో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. బాపు ఎత్తాడు.

"అక్క ఎట్లున్నది?"

"ఆఁ?"

"ఎడమ చెవికి పెట్టుకో! అక్క! ఎట్లున్నది!"

పల్లీలమ్మేవాడు ఆగి నావైపు చూశాడు.

"గది చెప్పద్దని ఒప్పందమాయె గద," అన్నాడు బాపు.

"నాకు గూడనా?"

"ఎవ్వలికి చెప్పద్దన్నది. నీ పేరు గూడ చెప్పింది."

"సరే, అక్కకే ఇయ్యి ఫోను."

"ఇంట్ల లేదు."

లేచి నిలబడ్డాను. "లేదా? ఏడికి పోయింది?"

"తెల్వది."

"అడగలేదా!"

"అడిగిన. తననే అడగాల్నన్నరు గద, తననే అడిగిన. చెప్పలె."

మా బాపు తన జీవితంలో ఏ రూలునూ సగం పాటించలేదు. అమ్మకు ఇవ్వమన్నాను. అమ్మ వచ్చి, "ఫికర్ జెయ్యకు, చెప్పులేసుకొని పోయింది" అన్నది. బాగాలేనప్పుడు అక్క వట్టికాళ్లతో పోతుంది. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అంతకంటే చెప్తే అప్పజెప్పినట్టవుతుందని అమ్మ ఫోన్ పెట్టేసింది. కౌన్సెలర్‌కు చేశాను. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "మీరు సెలవులో ఉన్నారు కదా."

తిరుగు రైళ్లు చూస్తుంటే స్నేహితుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంట్లో అక్క ఎట్లున్నదిరా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది. ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది, ఎవరిమీద కసురుకున్నది, అన్నీ. అడిగినవాళ్లు ఎందుకడిగామా అనుకునేంత ఉంటుంది.

"తెల్వది," అన్నాను.

వాడు ఇంకేమైనా చెప్తానేమోనని చూశాడు. నేను కూడా చూశాను. ఏమీ రాలేదు. ఫోన్ వాడి సంచీలో పడేసి, గదికి పోయి పడుకున్నాను. మర్నాడు పదింటికి వాళ్లు తలుపు బాదితే గానీ లేవలేదు. సముద్రం సంగతి అడిగితే, గది కిటికీలోంచి కూడా కనిపిస్తుందని చెప్పగలను.

తిరిగొచ్చేసరికి అక్క మెట్టు మీద జడ వేసుకుంటున్నది. చిన్నమ్మ బియ్యం ఏరుతూ, చాలా కష్టపడి, తల ఎత్తలేదు. నేను సంచీ దించకుండానే అడిగాను.

"మొన్న పొద్దుమీకి ఏడికి వోయినవే?"

"నన్నే అడుగుతున్నవ్ గద?"

"నిన్నే."

"చెప్ప," అన్నది అక్క.

ఇప్పటికీ చెప్పలేదు. చెప్పులకు ఎర్రమట్టి అంటి ఉంది, మా వీధిలో అంతా నల్లటి దుమ్మే. అంతకుమించి నా దగ్గర సమాచారం లేదు. బాధపడుతున్నానని అనను. వచ్చే వారం సెషన్‌లో ఒక్కసారి అడిగి చూద్దామనుకుంటున్నాను, మేడం అడ్డుపడకపోతే.